ఎక్మో మీద పిల్లలు, గంటగంటకూ రక్తపరీక్షలు: మీ ప్రశ్నలకు జవాబులు

పిల్లల ఐసీయూ గురించి పోయిన నెల రాశాక నల్లగొండ, పాలమూరు వైపు నుంచి చాలా ప్రశ్నలు వచ్చాయి. వాటిలో ఎక్మో గురించి, ముఖ్యంగా రక్తం గడ్డకట్టడం గురించి అడిగినవి ఈసారి తీసుకున్నాను. తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. గుండె గానీ ఊపిరితిత్తులు గానీ మందులకూ వెంటిలేటర్‌కూ లొంగనంతగా దెబ్బతిన్నప్పుడు ఒంట్లోంచి రక్తాన్ని లావుపాటి గొట్టంతో బయటికి తీసి, పంపుతో నడిపి, ఒక పొర గుండా ఆక్సిజన్ ఎక్కించి, కార్బన్ డయాక్సైడ్ తీసేసి, వెచ్చబెట్టి మళ్లీ ఒంట్లోకి పంపే మిషన్ పేరే ఎక్మో. అది జబ్బును నయం చేయదు, గుండెకో ఊపిరితిత్తులకో కోలుకోవడానికి టైమ్ ఇస్తుంది. ఆ టైమ్‌లో డాక్టర్లను నిద్రపోనివ్వని భయాల్లో మొదటి రెండూ రక్తానివే: గడ్డకట్టడం, ఆగకుండా కారడం.

ప్రశ్న: సార్, మాది దేవరకొండ దగ్గర ఊరు. మా బాబు పుట్టి మూడు వారాలైంది. గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళాలు తారుమారుగా ఉన్నాయని హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. తర్వాత గుండె సరిగ్గా కొట్టుకోవట్లేదని ఎక్మో మీద పెట్టారు. గంటకోసారి రక్తం తీసి ఏసీటీ అంటారు. పొద్దున 190, మధ్యాహ్నం 235, రాత్రి 168. సిస్టర్ రక్తం పలచబడిందంటుంది, డాక్టర్ సార్ గడ్డకడుతుందేమో అంటాడు. ఎవరి మాట నమ్మాలి? నా భార్య బాలింత, ఊర్లో ఉంది. ఆమెకు ఏం చెప్పాలి?
– ఒక తండ్రి

జవాబు: తమ్ముడూ, ఇద్దరూ నిజమే చెప్పారు. సిస్టర్ చెప్పింది మధ్యాహ్నం సంగతి, డాక్టర్ చెప్పింది రాత్రి సంగతి. అంతేకాదు, ఎక్మో మీద ఉన్న బిడ్డకు ఒకే పూట రెండు ప్రమాదాలూ ఉండొచ్చు. మిషన్‌లో గడ్డ తయారవుతూ ఉండొచ్చు, అదే టైమ్‌లో ఛాతీ కుట్ల దగ్గర రక్తం ఊరుతూ ఉండొచ్చు.

మన రక్తనాళాల లోపలి పొరకు రక్తాన్ని గడ్డకట్టనివ్వని గుణం ఉంది. ప్లాస్టిక్‌కు అది లేదు. గొట్టం తగలగానే రక్తం దాన్ని గాయం అనుకుని గడ్డకట్టే పని మొదలుపెడుతుంది. అలా వదిలేస్తే ఆక్సిజన్ ఎక్కించే పొర మూసుకుపోతుంది, గడ్డ ముక్క మెదడుకు వెళ్తే పక్షవాతం వస్తుంది. అందుకే హెపారిన్ అనే మందు సన్నటి ధారగా ఎక్కిస్తూనే ఉంటారు. అది ఎక్కువైతే ఆపరేషన్ గాయం నుంచి, ఊపిరితిత్తుల్లోంచి, అన్నిటికంటే భయపడాల్సింది, తలలో రక్తస్రావం కావచ్చు. ఈ రెండింటి మధ్య దారి చాలా సన్నగా ఉంటుంది, మూడు కిలోల బిడ్డకు ఇంకా సన్నగా ఉంటుంది.

ఏసీటీ అంటే కొన్ని చుక్కల రక్తాన్ని మంచం పక్కనే ఉండే చిన్న మిషన్‌లో వేసి, గడ్డకట్టించే పొడి కలిపి, ఎన్ని సెకన్లలో గడ్డకడుతుందో చూడటం. 1966లో హాటర్‌స్లీ అనే డాక్టర్ చెప్పిన పద్ధతి ఇది. మందు లేని మామూలు మనిషికి సుమారు రెండు నిమిషాల లోపే అవుతుంది. ఎక్మో మీద ఉన్న పిల్లలకు చాలా చోట్ల 180 నుంచి 220 సెకన్ల మధ్య ఉంచాలని చూస్తారు. రక్తం కారుతుంటే అంతకంటే తక్కువలో ఉంచుతారు. కాబట్టి మీ బాబు చార్టులో మీరు చూసిన మూడు నంబర్లూ వింతవేమీ కావు. హెపారిన్ పని గంటా గంటన్నరలో సగానికి తగ్గిపోతుంది. డోసు కాస్త మార్చినా ఫలితం త్వరగానే కనిపిస్తుంది, అందుకే మొదటి రోజుల్లో గంటగంటకూ చూస్తారు. ప్లేట్‌లెట్లు ఎక్కించినా, మూత్రం ఎక్కువగా వచ్చినా, ఒళ్లు చల్లబడినా ఆ నంబర్ కదులుతుంది. ఎవరూ ఏ పొరపాటూ చేయకుండానే 235 కాస్తా 168 అవుతుంది.

పెద్దవాళ్ల కంటే మీ బాబు విషయంలో ఇంత తిప్పలు ఎందుకో కూడా చెప్తాను, ఇది చాలామంది తల్లిదండ్రులకు ఎవరూ విడమరిచి చెప్పరు. అప్పుడే పుట్టిన బిడ్డ ఒంట్లో కిలోకు 80–85 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. మూడు కిలోల బిడ్డకు మొత్తం పావు లీటరు. ఎక్మో గొట్టాలు నిండడానికే దాదాపు అంత, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కావాలి. దాన్ని బ్లడ్ బ్యాంక్ రక్తంతో నింపి బిడ్డకు కలుపుతారు. గ్లాసుడు మజ్జిగలో గ్లాసుడు నీళ్లు పోసినట్టు, బిడ్డ సొంత రక్తంలో గడ్డకట్టించే పదార్థాలూ గడ్డకట్టనివ్వని పదార్థాలూ ఒక్కసారిగా పలచబడతాయి. దీనికి తోడు హెపారిన్ ఒంటరిగా పనిచేయదు. మన రక్తంలోనే ఉండే యాంటీథ్రాంబిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని దాని ద్వారా పనిచేస్తుంది. పుట్టిన పిల్లల్లో ఆ ప్రొటీన్ పెద్దవాళ్లలో ఉండేదాంట్లో సగమే ఉంటుంది, పెద్దవాళ్ల స్థాయికి రావడానికి కొన్ని నెలలు పడుతుంది. అందుకే చిన్నపిల్లలకు కిలో లెక్కన పెద్దవాళ్ల కంటే ఎక్కువ హెపారిన్ పడుతుంది, పైగా ఏ రోజు ఎంత పడుతుందో ముందే చెప్పలేం. పెద్దవాళ్ల లెక్కను తగ్గించి పిల్లలకు వేస్తే సరిపోదు, వాళ్ల రక్తం నడకే వేరు.

అందుకని ఏసీటీ ఎంత అని రోజంతా అడుగుతూ ఒక్కో నంబర్‌కూ ఒక్కోసారి గుండె జారనివ్వకండి. డాక్టర్ రోజుకోసారి మాట్లాడే టైమ్ ఉంటుంది కదా, అప్పుడు ఇలా అడగండి: నిన్నటి నుంచి ఇవాళ్టికి హెపారిన్ పెంచుతున్నారా తగ్గిస్తున్నారా, ఎందుకు? ఛాతీ గొట్టంలోంచి రక్తం తగ్గిందా? మిషన్‌లో గడ్డలు కనిపిస్తున్నాయా? తల స్కాన్‌లో ఏముంది? మూడు వారాల బిడ్డకు నడినెత్తి ఇంకా మెత్తగా ఉంటుంది కాబట్టి అక్కడ అల్ట్రాసౌండ్ పెట్టి మెదడును మంచం దగ్గరే చూడొచ్చు. మొదటి రోజుల్లో చాలా చోట్ల రోజూ చూస్తారు. ఈ నాలుగు జవాబులూ కలిపి వింటే ఏసీటీ నంబర్ కంటే ఎక్కువ తెలుస్తుంది.

గంటగంటకూ రక్తం తీస్తే ఉన్న రక్తమంతా పోదా అని మీరు అడగలేదు గానీ మీ మనసులో ఉండే ఉంటుంది. అది న్యాయమైన భయమే. గంటకు ఒక మిల్లీలీటరు తీసినా రోజుకు 24 మిల్లీలీటర్లు, అంటే బిడ్డ సొంత రక్తంలో దాదాపు పదో వంతు. అందుకే మంచి ఐసీయూల్లో చుక్కల్లో తీస్తారు, చిన్నపిల్లల కోసం చేసిన బుల్లి ట్యూబులు వాడతారు, గొట్టం కడగడానికి ముందు లాగిన రక్తాన్ని పారబోయకుండా తిరిగి ఎక్కిస్తారు, నంబర్లు కుదుటపడగానే టెస్టుల మధ్య గ్యాప్ పెంచుతారు.

ఇక మీ భార్యకు. బిడ్డకు సూదులు కొత్తగా గుచ్చట్లేదు, ముందే పెట్టిన గొట్టంలోంచే రక్తం తీస్తున్నారని ఆమెకు చెప్పండి, తల్లులకు ఆ ఒక్క మాట చాలా ధైర్యం ఇస్తుంది. పాలు పిండి దాచమనండి, డాక్టర్లు ఒప్పుకున్న రోజు నుంచి చుక్క చుక్కగా గొట్టం ద్వారా ఇవ్వొచ్చు. పథ్యం పేరుతో ఆమెకు పప్పు, ఆకుకూర, గుడ్డు ఆపకండి, నీళ్లు కూడా తక్కువ తాగమని చెప్పే పెద్దవాళ్లు ఉంటారు, ఆ మాట వినొద్దు. వీలైతే ఆమెను తీసుకురండి, ఆమె వచ్చి బిడ్డ పాదం మీద చెయ్యి వేయాలి.

ప్రశ్న: మా చెల్లె బిడ్డ, ఆరు నెలల పాప, నిమోనియా ముదిరి ఎక్మో మీద ఉంది. ఒక పక్క రక్తం పలచబడే మందు ఇస్తారు, ఇంకో పక్క గడ్డకట్టడానికి ప్లేట్‌లెట్లు, ప్లాస్మా, క్రయో అని రోజూ తెమ్మంటారు. యాక్సిలరేటర్ వాళ్లే తొక్కుతారు, బ్రేక్ వాళ్లే తొక్కుతారు. నిన్న మొత్తం మిషనే మార్చాలన్నారు. ఊర్లో అందరూ ఇదంతా బిల్లు కోసమే, పాప మీద ప్రయోగాలు చేస్తున్నారు అంటున్నారు. నిజం చెప్పండి.
– పాప మేనమామ, మిర్యాలగూడ

జవాబు: మీ కోపం నాకు అర్థమవుతుంది, బయటినుంచి చూస్తే నిజంగా అలాగే కనిపిస్తుంది. కానీ ఆ రెండూ ఒకే పనికి సంబంధించినవి కావు. రక్తం గడ్డకట్టడానికి చాలా మెట్లున్నాయి. హెపారిన్ వాటిలో కొన్ని మెట్లనే ఆపుతుంది, ముఖ్యంగా థ్రాంబిన్ అనే దాన్నీ, దానికి ముందు మెట్టైన పదో ఫ్యాక్టర్‌నూ. ప్లేట్‌లెట్లు, ఫైబ్రినోజెన్ అనేవి గడ్డకు ముడిసరుకు. ఎక్మోలో రక్తం రోజంతా ప్లాస్టిక్ మీదుగా తిరుగుతుంటే ప్లేట్‌లెట్లు ఆ గోడలకు అతుక్కుపోతాయి, ఫైబ్రినోజెన్ ఖర్చయిపోతుంది. ముడిసరుకు మరీ తగ్గిపోయిన పాపకు హెపారిన్ కూడా ఇస్తుంటే చిన్న చిరుగు కూడా ఆగదు. అందుకే చిన్నపిల్లల్లో ప్లేట్‌లెట్లను చాలా చోట్ల 80 వేలు–లక్ష దగ్గర, ఫైబ్రినోజెన్‌ను డెసీలీటరుకు 100–150 మిల్లీగ్రాముల పైన ఉంచాలని చూస్తారు, రక్తం కారుతుంటే ఇంకా పైన. క్రయో అంటే ఫైబ్రినోజెన్ చిక్కగా ఉండే సంచీ. ప్లాస్మా అంటే రక్తకణాలు తీసేశాక మిగిలే ద్రవం, అందులో గడ్డకట్టించే మిగతా ఫ్యాక్టర్లతో పాటు హెపారిన్‌కు కావాల్సిన యాంటీథ్రాంబిన్ కూడా కొంత ఉంటుంది. పలచబడే మందు సరిగ్గా పనిచేయడానికే ప్లాస్మా ఎక్కించే రోజులు కూడా ఉంటాయన్నమాట.

ఇంకో విషయం, రేపో మాపో మీతో "హెపారిన్ ఆపేశాం" అంటే బెంబేలెత్తకండి. రక్తం ఎక్కువగా పోతుంటే కొన్ని గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసేపు మందు ఆపి, మిషన్‌లో రక్తం వేగంగా తిరిగేలా చూసుకుంటూ నడిపిస్తారు. గడ్డకట్టే ముప్పు కొంత పెరుగుతుందని తెలిసే చేస్తారు, ఎందుకంటే ఆ పూట రక్తస్రావం అంతకంటే పెద్ద ముప్పు.

మిషన్ మార్చడం అంటే సాధారణంగా గొట్టాలు, ఆక్సిజన్ పొర ఉన్న సర్క్యూట్ మార్చడం. సిస్టర్లు, మిషన్ నడిపే పర్‌ఫ్యూజనిస్టులు ప్రతి షిఫ్టులో టార్చ్ లైట్ వేసి గొట్టాల అతుకుల దగ్గర, పొర మూలల్లో నల్లటి గడ్డలు, తెల్లటి పోగులు ఉన్నాయేమో వెతుకుతారు. పొరకు ముందు వైపు చిన్న గడ్డలుంటే ఒక్కోసారి గమనిస్తూ ఊరుకుంటారు, ఎందుకంటే ఆ పొర వాటిని చాలావరకు ఆపుతుంది. పొర దాటాక ఉన్న గడ్డ నేరుగా పాప ఒంట్లోకి వెళ్లగలదు, అదీ భయం. పొరకు అటూ ఇటూ ప్రెజర్ తేడా పెరుగుతున్నా, పొర దాటిన రక్తంలో ఆక్సిజన్ తగ్గుతున్నా, డీ-డైమర్ అనే టెస్టు రోజురోజుకూ ఎగబాకుతున్నా సర్క్యూట్‌లో గడ్డలు పెరుగుతున్నాయని అనుమానించాలి. ఆ పరిస్థితిలో మార్చకపోవడమే తప్పు.

ప్రయోగం అన్న మాట మాత్రం సరికాదు. హెపారిన్‌ను అమెరికాలో 1916లో మెక్లీన్ అనే వైద్య విద్యార్థి గుర్తించాడు. గుండె, ఊపిరితిత్తుల పనిని మిషన్‌కు అప్పగించి గిబ్బన్ అనే సర్జన్ గుండె ఆపరేషన్ విజయవంతంగా చేసింది 1953లో. 1975లో బార్ట్‌లెట్ అనే డాక్టర్ ఒక నవజాత శిశువును ఎక్మోతో బతికించాడు, ఆ పాపకు నర్సులు ఎస్పెరాంజా అని పేరు పెట్టారు. 1989 నుంచి ప్రపంచంలోని ఎక్మో కేంద్రాలకు ఒక ఉమ్మడి సంస్థ ఉంది, కేసుల వివరాలు నమోదు చేసి మార్గదర్శకాలు ఇస్తుంది. మీ పాపకు జరుగుతున్నది ఆ దారిలోనే.

బిల్లు మీద అనుమానం ఉంటే ఊర్లో మాట్లాడుకోవడం కాదు, నేరుగా అడగండి. ఎక్కించిన ప్రతి సంచీకీ నంబర్, తేదీ, టైమ్, ఎందుకు ఎక్కించారో కేస్ షీట్‌లో రాసి ఉండాలి. చూపించమని మర్యాదగా అడిగే హక్కు మీకుంది. నేనైతే చూపించి వివరిస్తాను, ఏ డాక్టరైనా అలా చేయాలి.

ప్రశ్న: సార్, నాది మహబూబ్‌నగర్, పిల్లల ఐసీయూలో స్టాఫ్ నర్స్‌గా కొత్తగా చేరాను. ఎక్మో మీద ఉన్న పది రోజుల బాబుకు ఏసీటీ 205, ఏపీటీటీ 95, యాంటీ టెన్-ఏ మాత్రం 0.2. బాబుకు పచ్చకామెర్లు ఎక్కువ, ప్లాస్మా గులాబీ రంగులో ఉంది. ఒక రిపోర్ట్ చూస్తే హెపారిన్ పెంచాలి, ఇంకోటి చూస్తే తగ్గించాలి. దేన్ని నమ్మాలి?

జవాబు: సిస్టర్, చాలా మంచి ప్రశ్న. ప్లాస్మా రంగు రాశారు చూడండి, జవాబు సగం అక్కడే ఉంది.

ఏసీటీ మొత్తం రక్తాన్ని చూస్తుంది. హెపారిన్ ఒక్కటే కాదు, ప్లేట్‌లెట్లు తగ్గినా, ఫైబ్రినోజెన్ తగ్గినా, రక్తం పలచబడినా, బాబు చల్లబడినా అది పెరుగుతుంది. త్వరగా తెలుస్తుంది కాబట్టి వాడతాం గానీ చిన్నపిల్లల్లో హెపారిన్ డోసుతో దానికి పొంతన అంతంతమాత్రమే. ఏపీటీటీ అంటే ప్లాస్మా ఎన్ని సెకన్లలో గడ్డకడుతుందో చూసే టెస్టు. మామూలుగా మొదటి విలువకు ఒకటిన్నర నుంచి రెండున్నర రెట్ల మధ్య ఉంచాలని చూస్తారు, కానీ పుట్టిన పిల్లల్లో హెపారిన్ లేకుండానే అది సాగి ఉంటుంది. యాంటీ టెన్-ఏ హెపారిన్ పనిని మాత్రమే కొలుస్తుంది, 0.3 నుంచి 0.7 మధ్య ఉండాలంటారు. మూడింటిలో హెపారిన్‌కు దగ్గరగా నడిచేది ఇదే, అందుకే ఇప్పుడు చాలా కేంద్రాలు దీనివైపు మొగ్గుతున్నాయి. కానీ అది రంగు మార్పును చదివే టెస్టు. బిలిరుబిన్ బాగా ఎక్కువైనా, ఎర్రకణాలు పగిలి హీమోగ్లోబిన్ ప్లాస్మాలో కలిసినా, కొవ్వు ఎక్కువైనా విలువ ఉన్నదానికంటే తక్కువగా వస్తుంది. మీ బాబుకు మొదటి రెండూ ఉన్నాయి. ఆ 0.2ను పట్టుకుని హెపారిన్ పెంచడం ప్రమాదం.

యాంటీథ్రాంబిన్ తక్కువున్నా యాంటీ టెన్-ఏ తక్కువే వస్తుంది. అయితే కొన్ని కిట్లలో ల్యాబ్ వాళ్లే యాంటీథ్రాంబిన్ కలుపుతారు, అప్పుడు బాబు ఒంట్లో అది లేకపోయినా నంబర్ బాగానే కనిపిస్తుంది. మీ ల్యాబ్‌లో ఏ కిట్ వాడుతున్నారో ఫోన్ చేసి కనుక్కోండి, ఇది చాలా ఐసీయూల్లో ఎవరూ అడగని ప్రశ్న. యాంటీథ్రాంబిన్, ఫైబ్రినోజెన్, ప్లేట్‌లెట్లు పక్కనే పెట్టుకుని చూడాలి. ఫైబ్రినోజెన్ తక్కువుంటే ఏపీటీటీ 95 హెపారిన్ వల్ల కాకపోవచ్చు, ముడిసరుకు లేక కావచ్చు. గడ్డ ఎలా కడుతుందో మొదటి నుంచి చివరిదాకా చూపే టెగ్ గానీ రోటెమ్ గానీ ఉంటే ఒకటి మామూలుగా, ఒకటి హెపారిన్‌ను తీసేసే హెపారినేజ్ కలిపి చేయించమని డాక్టర్‌కు గుర్తుచేయండి. హెపారిన్ పనిని తీసేశాక కూడా గడ్డకట్టడం ఆలస్యమైతే లోపం ఫ్యాక్టర్లలో ఉందని అర్థం. దానికి మందు ప్లాస్మానో క్రయోనో అవుతుంది గానీ హెపారిన్ తగ్గించడం కాదు.

వీటన్నిటికంటే ముందు శాంపిల్. ఇందులో మీ చెయ్యే ముఖ్యం. హెపారిన్ వెళ్తున్న లైన్‌లోంచి తీస్తే ఏ నంబర్‌కూ విలువ లేదు. నీలం మూత ట్యూబులో రక్తాన్ని గడ్డకట్టనివ్వని సిట్రేట్ ఒక వంతు, రక్తం తొమ్మిది వంతులు ఉండాలి. గీత దాకా నింపకపోతే ఏపీటీటీ అబద్ధంగా సాగుతుంది. నీలంగా ఉండే గుండెజబ్బు పిల్లల్లో హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 55 దాటితే ప్లాస్మా తగ్గి సిట్రేట్ ఎక్కువైపోతుంది, ల్యాబ్‌కు చెప్పి ట్యూబు సరిచేయించాలి. హెపారిన్ ఉన్న రక్తాన్ని గంటలోపు సెంట్రిఫ్యూజ్ చేయాలి, లేకపోతే ప్లేట్‌లెట్లలోంచి వచ్చే పదార్థం హెపారిన్‌ను చంపేసి ఏపీటీటీ తగ్గిపోతుంది. రాత్రి రెండు గంటలకు వార్డుబాయ్ కోసం బల్ల మీద వేచి ఉన్న ట్యూబులో వచ్చే నంబర్‌తో పొద్దున డోసు మార్చడం నాకు అస్సలు ఇష్టం ఉండదు.

గులాబీ ప్లాస్మాను రక్తపరీక్షల గొడవగానే చూడొద్దు. ప్లాస్మా ఫ్రీ హీమోగ్లోబిన్ డెసీలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే ఎర్రకణాలు పగులుతున్నాయని లెక్క. పంపు తలలో గడ్డ ఉందా, శబ్దం మారిందా, గొట్టం రక్తాన్ని లాగలేక వణుకుతోందా, నెగటివ్ ప్రెజర్ మరీ ఎక్కువుందా, వెంటనే చూసి చెప్పాల్సింది మంచం పక్కనున్న మీరే.

కొన్ని చోట్ల హెపారిన్ బదులు బైవాలిరుడిన్ అనే మందు వాడటం మొదలుపెట్టారు, మీకూ కనిపించవచ్చు. దానికి యాంటీథ్రాంబిన్ అక్కర్లేదు, పని 25 నిమిషాల్లో సగమవుతుంది, సాధారణంగా ఏపీటీటీతో కొలుస్తారు. హెపారిన్ వల్లనే ప్లేట్‌లెట్లు పడిపోయే జబ్బు ఉన్న పిల్లలకు ఇలాంటి మందులే దిక్కు. హెపారిన్‌కు ప్రొటమిన్ ఉన్నట్టు దీనికి విరుగుడు లేదు. పైగా కదలకుండా నిలిచిన రక్తంలో ఈ మందు విరిగిపోతుంది కాబట్టి సరిగ్గా కొట్టుకోని గుండె గదిలో గడ్డ తయారవ్వొచ్చు, ఎకోలో అది చూస్తూ ఉండాలి.

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లు. గుండె కండరం వాచి ఎక్మో మీద ఉండి బతికి వచ్చింది. ఇంటికొచ్చి రెండు నెలలు. అక్కడ అంతగా ఇచ్చిన రక్తం పలచబడే మందు డిశ్చార్జ్ చీటీలో రాయలేదు. మర్చిపోయారా? – ఒక తల్లి, నాగర్‌కర్నూల్

జవాబు: అమ్మా, మర్చిపోలేదు. ఆ మందు మిషన్ కోసం. గొట్టాలు తీశాక హెపారిన్ ఆపేస్తే కొన్ని గంటల్లో దాని పని పూర్తిగా పోతుంది. గొట్టాలు పెట్టిన రక్తనాళంలో గడ్డ కనిపించినా, గుండె లోపల గడ్డ ఉన్నా, కృత్రిమ వాల్వ్ లాంటిది వేసినా మాత్రమే మందు కొనసాగిస్తారు. మెడలోనో తొడలోనో గొట్టం పెట్టిన చోట డాప్లర్ స్కాన్ చేశారా అని తర్వాతి చెకప్‌లో అడగండి.

ఒక కాలో చెయ్యో వాచినా, పాప ఒక వైపు బలహీనంగా ఉన్నా, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా, తెల్లవారుజామున తలనొప్పితో వాంతులైనా ఊర్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించి చూద్దామనుకోకండి, 108కు ఫోన్ చేయండి. జ్వరానికి పారాసిటమాల్ చాలు, బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటివి మీ గుండె డాక్టర్‌ను అడగకుండా వేయొద్దు. వినికిడి టెస్టు ఒకసారి చేయించండి. బడిలో చదువు, రాత, ఆటల్లో తేడా కనిపిస్తే టీచర్ చెప్పినదాన్ని డాక్టర్‌కు చెప్పండి. గుండె కండరం వాచిన పిల్లలను పరుగు పందాలకు, కబడ్డీకి ఎప్పుడు పంపాలో ఎకో, ఈసీజీ చూసి చెప్తారు, సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు ఆగమంటారు.

ప్రశ్న: పాలమూరులో మెడికల్ కాలేజీ ఉంది, నల్లగొండలో ఉంది. ఇంత ముఖ్యమైన మిషన్ జిల్లాలో పెడితే మేం హైదరాబాద్ ఎందుకు ఉరకాలి? – గద్వాల నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ ఆవేదన సబబే. కానీ మిషన్ కొనడం ఇందులో చిన్న పని. రాత్రి పగలు ఏపీటీటీ, ఫైబ్రినోజెన్ చేసే ల్యాబ్, అడిగిన గంటలో ప్లేట్‌లెట్లు ఇచ్చే బ్లడ్ బ్యాంక్, పిల్లల గుండె సర్జన్, మంచం వదలని నర్సు, ఇవన్నీ ఒకే కప్పు కింద ఉంటేనే ఆ బిడ్డ బతుకుతుంది. తరచుగా చేసే చోటే చెయ్యి ఆడుతుంది. జిల్లాలో ముందు కావాల్సింది 24 గంటల ల్యాబ్, బ్లడ్ కాంపోనెంట్లు విడదీసే సదుపాయం, సమయానికి పంపే నిర్ణయం. వెంటిలేటర్ మీద రోజురోజుకూ దిగజారుతున్న బిడ్డను వారం, పది రోజులు చూసి పంపితే ఎక్మో పెట్టినా ఊపిరితిత్తులు కోలుకునే అవకాశం తగ్గిపోతుంది. "ఇంకా పెద్ద చోటికి ఎప్పుడు పంపాలి" అని మొదటి రోజే అడగండి.

డబ్బు సంగతి. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి, తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెరిగింది. మీ బిడ్డ కేసు ఏ ప్యాకేజీ కిందికి వస్తుందో, రక్తం సంచీల ఖర్చు అందులో ఉందో లేదో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను మొదటి రోజే అడిగి రాయించుకోండి.

ప్రశ్న: సార్, వనపర్తిలో డిగ్రీ చదువుతున్నాను. ఇలాంటి పిల్లలకు మేం ఏం చేయగలం? మా బ్యాచ్ అంతా రక్తం ఇవ్వడానికి రెడీ.

జవాబు: తమ్మీ, సంతోషం. ఎక్మో పిల్లలకు ఎప్పుడూ కొరత పడేవి ప్లేట్‌లెట్లు. ఎర్రకణాలను నెల దాటి దాచొచ్చు, ప్లాస్మాను ఫ్రీజ్ చేసి ఏడాది దాచొచ్చు, ప్లేట్‌లెట్లు మాత్రం ఐదు రోజులే. అందుకే అందరూ ఒకే రోజు క్యాంపు పెట్టి ఇచ్చేసి మళ్లీ ఏడాదికి కలవడం కంటే, పది మంది పేర్లు, గ్రూపులు రాసుకుని వంతులవారీగా సిద్ధంగా ఉండటం ఎక్కువ ఉపయోగం. 18 ఏళ్లు నిండాలి, హీమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మామూలు రక్తదానం మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. మిషన్ ద్వారా ప్లేట్‌లెట్లు మాత్రమే ఇస్తే రెండు రోజుల గ్యాప్‌తో మళ్లీ ఇవ్వొచ్చు, ఏడాదికి 24 సార్లు దాటకుండా. మూడు రోజుల్లోపు ఆస్పిరిన్ వేసుకున్నవాళ్ల ప్లేట్‌లెట్లు పనికిరావు, తలనొప్పి మాత్రల్లో కూడా అది ఉండొచ్చు, చూసుకోండి.

ఒక జాగ్రత్త. బిడ్డ తండ్రో మేనమామో "నా రక్తమే ఎక్కించండి" అని పట్టుబట్టడం మన దగ్గర మామూలు. రక్తసంబంధీకుల రక్తంలోని తెల్లకణాలను బిడ్డ ఒళ్లు పరాయివిగా గుర్తించక వదిలేస్తే, అవి బిడ్డ ఒంటి మీదే దాడి చేసే ముప్పు ఉంది. అరుదే గానీ ప్రాణాంతకం. రేడియేషన్ ఇచ్చాకే అలాంటి రక్తం ఎక్కించాలి. బంధువులు బ్యాంకుకు ఇచ్చి, వేరేవాళ్ల సంచీ బిడ్డకు తీసుకోవడం మంచిది. మీరు వనపర్తి నుంచి బస్సెక్కే ముందు ఆ ఆస్పత్రి బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేసి ఏ గ్రూపు, ఏ కాంపోనెంట్, ఎన్ని గంటలకు కావాలో కనుక్కోండి, కడుపునిండా తిని బయల్దేరండి.